బొటనవేలు దారి తప్పితే...

పెళ్లినాడు పెట్టిన మెట్టె పాతికేళ్లయినా అదే కొలత. వేలే మారుతుంది. మొన్నమొన్నటిదాకా సులువుగా తిరిగిన మెట్టె ఓ రోజు కదలనని మొరాయిస్తుంది. సబ్బు నురగ రాసినా రాదు. కొబ్బరినూనె పూసినా రాదు. 'ఒళ్లొచ్చింది కదా, వేళ్లూ లావెక్కి ఉంటాయిలే' అని సర్దిచెప్పుకుంటారు చాలామంది. కాస్త వంగి పాదంకేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పక్కనున్న బొటనవేలు తిన్నగా ఉండటం మానేసి మెట్టె వేలి మీదికి వాలుతోంది. అది అటు వాలినకొద్దీ ఇటు పాదం లోపలి అంచున, వేలి మొదట్లో ఓ బుడిపె పైకి తేలుతోంది. చెప్పు పట్టీ సరిగ్గా అక్కడే ఒరుసుకుంటోంది.

ఆ బుడిపెను ఇంగ్లిషులో బనియన్ అంటారు. ఒంటికి తొడుక్కునే బనియన్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు! తెలుగులో అందరికీ తెలిసిన పేరంటూ లేదు. కొందరు ఆనెకాయ అనుకుంటారు. కొందరు వాతం అంటారు. ఎక్కువమంది 'ఎముక పెరిగింది' అనేస్తారు. చిక్కంతా ఆ మాటతోనే. పెరిగిందనుకుంటే అరగదీయాలనిపిస్తుంది. నొక్కి, లాగి, కట్టు కట్టి లోపలికి పంపేయాలనిపిస్తుంది. లేదంటే 'వయసు మీద పడ్డాక ఎముకలు పెరగవా ఏంటి' అంటూ ఏళ్ల తరబడి కుంటుతూనే కాలం గడిపేయాలనిపిస్తుంది. ఈ మూడూ పొరపాట్లే.

పెరిగింది కాదు, జరిగింది

ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో 52 రెండు పాదాల్లోనే ఉన్నాయి. అంటే దాదాపు పావు వంతు. బొటనవేలి వెనక, పాదం మధ్యలోంచి వచ్చే పొడవాటి ఎముక ఒకటుంటుంది. దాని తల, వేలి ఎముక కలిసేచోట ఓ కీలు. అడుగు తీసి అడుగు వేసే ప్రతిసారీ మడమ లేచాక ఒంటి బరువులో పెద్ద వాటా ఈ కీలు మీదుగానే ముందుకు వెళ్తుంది.

బనియన్ వచ్చినవాళ్లలో ఆ పొడవాటి ఎముక మెల్లగా రెండో పాదం వైపు జరుగుతుంది. బొటనవేలేమో దానికి ఎదురు దిశలో, చిటికెన వేలి వైపు వాలుతుంది. మధ్యలో కీలు మోకాలు మడిచినట్లు బయటికి పొడుచుకొస్తుంది. చేతికి తగిలే గట్టి బుడిపె చాలావరకు కొత్తగా పుట్టిన ఎముక కాదు. ఉన్న ఎముక తలే చోటు మారి బయటికి కనిపిస్తోందన్నమాట. దానిమీద చెప్పు రాసుకుని చర్మం మందమవుతుంది. చర్మానికీ ఎముకకీ మధ్య మెత్తలా ఉండే నీటి సంచి వాస్తుంది. ఎరుపు, వాపు, మంట... అన్నీ అక్కణ్నుంచే.

వైద్యులు దీన్ని హాలక్స్ వాల్గస్ అంటారు. జర్మనీ సర్జన్ కార్ల్ హ్యూటర్ 1870ల తొలినాళ్లలో పెట్టిన పేరిది. హాలక్స్ అంటే బొటనవేలు. వాల్గస్ అంటే బయటికి వంగడం. పేరులోనే రోగమంతా ఉంది.

మరి ఒకసారి వంగిన వేలు తిరిగి తనంతట తాను ఎందుకు రాదు? వేలిని తిన్నగా పట్టి ఉంచేవి పైనా కిందా ఉండే కండరాల తాళ్లు. వేలు వాలగానే ఆ తాళ్లు కూడా పక్కకు జారిపోతాయి. అప్పటిదాకా తిన్నగా లాగినవి, ఆ తర్వాత విల్లుకు కట్టిన నారిలా వంపును మరింత పెంచుతాయి. వేసే ప్రతి అడుగూ వేలిని ఇంకొంచెం అటే లాగుతుంది. అందుకే ఇది నెలల్లో వచ్చే జబ్బు కాదు, ఏళ్ల మీద ముదిరేది. ముదిరితే బొటనవేలు మెట్టె వేలి కిందికో పైకో చేరుతుంది. చోటు చాలక మెట్టె వేలు కొంకిలా వంకర తిరుగుతుంది. బొటనవేలు మోయాల్సిన బరువు పక్కవేళ్ల మీద పడి అరికాలి ముందు భాగంలో పోట్లు మొదలవుతాయి. అక్కడ ఆనెకాయలూ లేస్తాయి. చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్లేది ఆ అరికాలి నొప్పితోనే. బుడిపె సంగతి చెప్పనే చెప్పరు.

ఎంత వంగిందో తెలియాలంటే నిలబడి ఎక్స్‌రే తీయించుకోవాలి. పడుకుని తీస్తే పాదం మీద బరువుండదు కాబట్టి అసలు వంపు తేలదు. మామూలు పాదంలోనూ వేలు కొద్దిగా వాలే ఉంటుంది. 15 డిగ్రీల లోపైతే ఫర్వాలేదు. 20 దాకా స్వల్పం, 40 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. అయితే ఈ డిగ్రీలకీ నొప్పికీ లంకె ఉండాలని లేదు. చూడ్డానికి భయంకరంగా ఉన్న పాదంతో హాయిగా తిరిగేవాళ్లున్నారు. కొద్దిపాటి వంపుకే విలవిల్లాడేవాళ్లూ ఉన్నారు. వైద్యం చేయాల్సింది ఎక్స్‌రేకు కాదు, నొప్పికి.

చెప్పుల పాపమెంత?

నేరమంతా చెప్పులదేనని అందరి నమ్మకం. అందులో నిజం ఉంది, మొత్తం నిజం మాత్రం లేదు.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, ఆ చుట్టుపక్కల తవ్వకాల్లో దొరికిన 177 మధ్యయుగపు అస్థిపంజరాల పాదాలను పరిశోధకులు పరీక్షించారు. 2021లో ఫలితాలు వెల్లడించారు. 11 నుంచి 13వ శతాబ్దం దాకా బతికినవాళ్లలో నూటికి 6 మందికే బనియన్ ఆనవాళ్లున్నాయి. 14, 15 శతాబ్దాల వాళ్లలో ఏకంగా 27 మందికి! మధ్యలో ఏం జరిగింది? ఫ్యాషన్ మారింది. గుండ్రటి ముక్కు చెప్పుల స్థానంలో సూదిలాంటి పొడవాటి ముక్కు బూట్లు వచ్చాయి. డబ్బున్నవాళ్లంతా వాటిమీద పడ్డారు. సన్యాసుల మఠంలో పూడ్చిన అస్థిపంజరాల్లో అయితే 43 శాతం. సర్వసంగ పరిత్యాగులకు ఈ సోకులేంటని అడగకండి. ఊళ్లో కాయకష్టం చేసుకునేవాళ్ల శ్మశానంలో మాత్రం 3 శాతమే. ఆ బూట్ల ముక్కులు ఎంతదాకా సాగాయంటే, లండన్‌లో రెండంగుళాలకు మించకూడదని 1463లో నాలుగో ఎడ్వర్డ్ రాజు ఏకంగా చట్టమే చేయాల్సొచ్చింది.

1958లో హాంకాంగ్ వైద్యులు ఇద్దరు ఇంకో లెక్క తేల్చారు. బూట్లు తొడిగే చైనీయుల్లో 33 శాతం మందికి ఈ వంపుంది. పడవల మీదే బతుకుతూ కాళ్లకు ఏమీ తొడగనివాళ్లలో 1.9 శాతం మందికే ఉంది. తేడా చాలా పెద్దది. కానీ ఆ 1.9ని కూడా చూడండి. జన్మలో బూటు ఎరగనివాళ్లకూ వచ్చింది!

అక్కడే వారసత్వం కథలోకి వస్తుంది. అమ్మ పోలిక ముక్కులోనో నవ్వులోనో కాదు, పాదంలోనూ దిగుతుంది. వంశంలో వచ్చేది బుడిపె కాదు, బుడిపెకు అనువైన పాదం. కీళ్లు వదులుగా ఉండటం, అరికాలు చదునుగా ఉండటం, ఎముకల పొందిక... ఇవి తరం నుంచి తరానికి దిగుతాయి. అలాంటి పాదాన్ని ముక్కు సన్నని బూట్లో రోజుకు పది గంటలు బిగిస్తే వంపు త్వరగా వస్తుంది. గట్టి పాదం అదే బూటును ఏళ్లపాటు భరిస్తుంది. ఒకే ఆఫీసులో, ఒకేలాంటి బెల్లీస్ వేసుకునే ఇద్దరిలో ఒకరికే ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబిదే. కీళ్లవాతం ఉన్నవాళ్లకు కీళ్లు బలహీనపడతాయి కాబట్టి ముప్పు మరింత.

ఇక ఎత్తు మడమలు. ఏటవాలు బల్లమీద నిలబడితే ఒళ్లు ముందుకు జారుతుంది కదా! హీల్స్‌లో జరిగేదీ అదే. బరువంతా వేళ్ల మీదికి జారుతుంది. వేళ్లు వెళ్లి బూటు ముక్కులో ఇరుక్కుంటాయి. ఆడవాళ్లకే ఈ బాధ ఎక్కువ కావడానికి ఇదొక కారణం. వేర్వేరు దేశాల అధ్యయనాలన్నిటినీ కలిపి 2010లో వేసిన లెక్కలో ఆడవాళ్లలో 30 శాతం, మగవాళ్లలో 13 శాతం మందికి ఈ సమస్య ఉందని తేలింది. 65 దాటినవాళ్లలో అది మూడో వంతుకు మించింది.

ఇంట్లో వట్టికాళ్లు, వీధిలో చెప్పులు... మన పాతకాలపు అలవాటు ఈ ఒక్క విషయంలో పాదానికి మేలే చేసింది. తెల్లారింది మొదలు చీకటిపడేదాకా మూసిన బూట్లలో ఉండే ఉద్యోగాలు పెరిగాక ఆ మేలు కాస్తా తగ్గింది.

రాత్రికి రాత్రే వాస్తే...

బొటనవేలి మొదట్లో వాపు కనిపించిన ప్రతిసారీ అది బనియనే కానక్కర్లేదు. నిన్న పడుకునేటప్పుడు బాగానే ఉండి, అర్ధరాత్రి నిప్పు పెట్టినట్లు మండి, ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం విలవిల్లాడితే... అది ఎక్కువగా గౌట్. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీల్లో చేరడం వల్ల వస్తుంది. దాని మందులు వేరు. బనియన్ ఇలా ఒక్కరాత్రిలో రాదు. బూటు విప్పితే నొప్పి తగ్గుతుంది, వేసుకుంటే పెరుగుతుంది. వేలు వంగకుండానే కీలు బిగుసుకుపోయి, బుడిపె పక్కన కాకుండా పైన లేస్తే అది కీలు అరుగుదల. వాపుతోపాటు జ్వరం వచ్చినా, చీము కనిపించినా ఆ రోజే వైద్యుణ్ని కలవాలి.

నొప్పి లేదని సంతోషించొద్దు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరికి వర్తించేది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. మామూలు మనిషికి బనియన్ ఓ నస. బూటు ఒరుసుకుంటే మంట పుడుతుంది. విప్పి అవతల పడేస్తారు. స్పర్శ లేని పాదానికి ఆ మంట తెలియదు. బుడిపె మీద బొబ్బ లేస్తుంది, చిట్లుతుంది, పుండవుతుంది. సాయంత్రం మేజోడుకు అంటిన తడి చూసేదాకా తెలియదు. రక్త ప్రసారం కూడా సరిగ్గా లేకపోతే పుండు మానదు. అక్కడ చర్మం కింద పెద్దగా కండ ఉండదు, వెంటనే ఎముకే. చీము ఎముకకు పాకితే వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. ఒక్కోసారి వేలితో ఆగదు కూడా.

అందుకే షుగర్ ఉండి బుడిపె కూడా ఉన్నవాళ్లు 'నాకు నొప్పేం లేదు' అంటే ఇంట్లోవాళ్లు ఊరట పడకూడదు, భయపడాలి. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. వంగలేని పెద్దవాళ్లకు కోడలో మనవడో చూడాలి, లేదా నేలమీద అద్దం పెట్టుకోవాలి. బూట్లో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి తడిమి చూడాలి. ఆనెకాయను బ్లేడుతో చెక్కడం, దుకాణంలో దొరికే ఆనెకాయ పట్టీలు అంటించడం అస్సలు వద్దు. ఆ పట్టీల్లో ఉండే ఆమ్లం ఆనెనే కాదు, చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. మధ్యాహ్నపు ఎండలో గుడి ప్రదక్షిణలకు వెళ్లకుండా పొద్దున్నే వెళ్లాలి. కాలే బండల వేడి వాళ్ల అరికాళ్లకు తెలియదు. ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అడుగుతో చేసే చెప్పులు ఇలాంటి పాదాల కోసమే ఉన్నాయి. కుష్ఠు వ్యాధితో స్పర్శ కోల్పోయినవాళ్ల కోసం మన దేశంలో చాలాకాలంగా వాడుతున్నవే ఇవి. బుడిపెకు తగలకుండా పట్టీ కుట్టించుకోవాలి.

ఓ తెల్లకాగితం చాలు

మంచి కబురేంటంటే ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. చెప్పు మారిస్తే సగం నొప్పి పోతుంది. ఇంట్లోనే ఓ పరీక్ష చేసుకోవచ్చు. తెల్లకాగితం మీద నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయించుకోండి. రోజూ వేసుకునే బూటును ఆ గీత మీద పెట్టండి. బూటు బయట గీత కనిపిస్తోందా? అయితే అంత మేరా పాదాన్ని రోజూ కుదించి కూరుతున్నట్లే. బీరువాలో ఉన్న జతలన్నీ ఇలా పెట్టి చూస్తే ఒకటి రెండు దానం చేయాల్సినవి తేలతాయి... వాటిని ఎవరికి దానం చేయాలన్నదే ధర్మసందేహం!

చెప్పులు సాయంత్రంపూట కొనాలి. పొద్దుటికంటే అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు కాబట్టి పెద్దదానికి సరిపోయేది తీసుకోవాలి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. వెడల్పు చాలలేదని ఒక సైజు పెద్దది కొంటారు చాలామంది. అప్పుడు మడమ జారి, పాదం ముందుకు తోసుకుపోయి మళ్లీ వేళ్లే నలుగుతాయి. కావాల్సింది పొడవు కాదు, ముక్కు దగ్గర వెడల్పు. 'వాడగా వాడగా సాగుతుందండీ' అని దుకాణదారు అంటే నమ్మకండి. సాగేలోపు వేలు వంగుతుంది. బొటనవేలిని ఉంగరంలా పట్టుకునే చెప్పులైతే దుకాణంలోనే పదడుగులు నడిచి చూడాలి. వంగిన వేలికి ఆ ఉంగరం ఒరుసుకుంటుంది. ఉన్న తోలు బూటునే వాడుకోవాలంటే, చెప్పులు కుట్టే అతనికి చూపిస్తే బుడిపె తగిలేచోట తోలు సాగదీసి ఇస్తాడు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

మెట్టెల విషయానికొస్తే, ఒంటి చుట్టువి మానేసి, విప్పార్చుకునే వీలున్న తెరుచుకున్న మెట్టెలు పెట్టుకోవడం మేలు. వేలు వాచి నీలంగా మారుతుంటే సెంటిమెంటు పక్కనపెట్టి వెంటనే కోయించేయాలి.

ఇక బజార్లో దొరికే సరంజామా. వేళ్ల మధ్య పెట్టే సిలికాన్ ముక్కలు, రాత్రిళ్లు కట్టుకునే పట్టీలు, బుడిపె మీద తొడిగే మెత్తలు... 'పదిహేను రోజుల్లో వేలు తిన్నగా' అన్న ప్రకటనలతో అమ్ముతారు. మెత్తలు, సిలికాన్ ముక్కలు ఒరుపు తగ్గిస్తాయి, ఉన్నంతసేపు సుఖంగా ఉంటుంది. అంతవరకే. పెద్దవాళ్లలో వంగిన ఎముకను తిన్నగా చేసి నిలబెట్టే పట్టీ ఇప్పటిదాకా లేదు. కాలివేళ్లతో తువ్వాలు లాగడం, గోళీలు ఏరడం, వేళ్లు విప్పార్చడం లాంటి వ్యాయామాలతో పాదం కండరాలకు బలం వస్తుంది, కీలు బిగుసుకుపోదు. అవీ వంపును తీసేయవు. నొప్పి ఎక్కువగా ఉన్నరోజు గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెడితే ఉపశమనం. స్పర్శ తగ్గినవాళ్లు ఐసు జోలికి పోవద్దు. నొప్పి మాత్రలు రోజుల తరబడి సొంతంగా మింగడం కడుపుకీ మూత్రపిండాలకీ చేటు.

ఆపరేషన్ ఎవరికి?

ఫిన్లాండ్‌లో 209 మందిని మూడు జట్లుగా విడదీసి చూశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు బూట్లో పెట్టే ప్రత్యేక అడుగులు, మూడో జట్టును ఊరికే గమనించారు. ఫలితాలు 2001లో వచ్చాయి. ఆర్నెల్లకు బూటు అడుగులు వాడినవాళ్లకూ కొంత నొప్పి తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆ లాభం నిలవలేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అంటే నొప్పి నిజంగా బాధిస్తుంటే, చెప్పులు మార్చినా తగ్గకపోతే, ఆపరేషన్‌కు భయపడి ఏళ్లు ఈదాల్సిన పని లేదు. అలాగని ఫొటోలో పాదం బాగా కనిపించడం కోసం మాత్రం చేయించుకోకూడదు. నొప్పి లేని పాదానికి ఆపరేషన్ చేస్తే కొత్తగా నొప్పి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. బీమా కూడా అందం కోసం చేసేవాటికి వర్తించదు.

దీనికి ఇప్పటిదాకా వందకు పైగా పద్ధతులు వచ్చాయి. అన్నీ ఉన్నాయంటే అందరికీ సరిపోయేది ఒక్కటీ లేదనే అర్థం. బుడిపెను చెక్కేసి వదిలేస్తే మళ్లీ వస్తుంది. ఎందుకంటే జరిగిన ఎముక జరిగినచోటే ఉంటుంది కదా! అందుకే ఎక్కువ పద్ధతుల్లో ఆ పొడవాటి ఎముకను కోసి, తిన్నగా జరిపి, సన్నని స్క్రూలతో బిగిస్తారు. వంపు మరీ ఎక్కువైతే, పాదం మధ్యలో ఎముక మొదలు దగ్గర కీలును అతికేసే పద్ధతి ఉంది. పాల్ లాపిడస్ 1934లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఈమధ్య చిన్నచిన్న రంధ్రాల గుండానే ఎముక కోసి సరిచేస్తున్నారు. గాటు చిన్నదే గానీ లోపల ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం తగ్గదు. కీలు పూర్తిగా అరిగిపోతే బొటనవేలి కీలునే అతికేస్తారు. నొప్పి పోతుంది, వేలు మాత్రం మొదట్లో వంగదు. గొంతుక్కూర్చోవడం, నమాజులో కాలివేళ్లు మడిచి కూర్చోవడం కష్టమవుతుంది. రోజువారీ జీవితంలో అవి అవసరమైనవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అడగలేదని ఊరుకుంటే ఆయనకు తెలిసే దారి లేదు.

షుగర్ అదుపులో లేనివాళ్లు, కాళ్లకు రక్త ప్రసారం తక్కువున్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు ముందు వాటి సంగతి చూసుకోవాలి. పుండ్లు మానవు, ఎముక అతకదు. ఎదిగే పిల్లల్లో వంపు కనిపించినా ఎముక ఎదుగుదల పూర్తయ్యేదాకా సాధారణంగా ఆగమంటారు. ఆలోపు చేస్తే తిరిగి వంగే ప్రమాదం ఎక్కువ.

చేయించుకున్నాక దాదాపు ఆరు వారాలు ప్రత్యేకమైన చెప్పుతో, పద్ధతిని బట్టి మడమ మీదే బరువు మోపుతూ నడవాలి. కుడికాలికైతే కారు బ్రేకు, మోటారు సైకిలు వెనక బ్రేకు తొక్కలేరు. మేడమీది వాటా వాళ్లు ముందే కిందికి మకాం మార్చుకోవడం మంచిది. కుండీ మీద కూర్చునే మరుగుదొడ్డి ఇంట్లో లేకపోతే కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చిపెట్టుకోవాలి. ఒక్కో కాలికి విడిగా చేయించుకుంటే ఒక కాలైనా మన చేతిలో ఉంటుంది! మామూలు బూట్లు వేసుకోవడానికి రెండు మూడు నెలలు. వాపు పూర్తిగా దిగడానికి ఆర్నెల్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కొందరికి వేలు కాస్త బిగుసుకుపోవచ్చు, చర్మం మీద తిమ్మిరి మిగలొచ్చు, ఏళ్ల తర్వాత వంపు తిరిగి రావచ్చు. సర్జన్ ఇవన్నీ ముందే చెబుతున్నారంటే భయపెడుతున్నట్లు కాదు.

ఆపరేషన్‌కు ముందురోజే మెట్టెలు తీసేయమంటారు. వాపు దిగేదాకా మళ్లీ పెట్టుకోవద్దంటారు. ఆ తర్వాత పాతవి వెతికి తొడుక్కోబోతే కొన్నిసార్లు వదులవుతాయి. కంసాలి దగ్గరికెళ్లి వేలికి కొత్త కొలత తీయించుకోవాల్సిందే.